మందు గ్లౌజులు: ఏది కొనాలి, ఏది కొట్లోనే వదిలేయాలి

ప్రొఫెనోఫాస్ 50 ఈసీ అనే పురుగుమందు లీటరు డబ్బా మూత తీసి, లోపలి రేకు సీలు కొన పట్టుకుని పీకే ఆ పది సెకన్లే గ్లౌజుకు అసలు పరీక్ష. సీలు మొరాయించి మొరాయించి ఒక్కసారిగా ఊడుతుంది. డబ్బా అదురుతుంది. మందు మూతి మీంచి బొటనవేలి మీదికి, అక్కణ్నుంచి మణికట్టు దాకా జారుతుంది. లీటరు నీళ్లకు రెండు మి.లీ. చొప్పున కలిపే మందు అది. అంటే వేలి మీద పడిన ఒక్క మి.లీ. చిక్కటి మందులో, అర లీటరు పిచికారీ నీళ్లలో ఉన్నంత విషం ఉంటుంది. ఎకరం మిరపకు 200 లీటర్ల ద్రావణం కొట్టాలంటే 16 లీటర్ల ట్యాంకు పన్నెండు పదమూడు సార్లు నింపాలి. డబ్బా అన్నిసార్లు వంచాలి, కొలత మూత అన్నిసార్లు పట్టుకోవాలి. చేతికి చిక్కటి మందు అంటేది ఇక్కడే. చేలో నడుస్తూ కొట్టేటప్పుడు పడే తుంపర ఆ తర్వాతి సంగతి.

అందుకని పురుగుమందుల కొట్లలో, హార్డ్‌వేర్ షాపుల్లో, ఆన్‌లైన్‌లో దొరికే గ్లౌజులన్నిటినీ ఇక్కడ ఆ పది సెకన్ల లెక్కతోనే తూచాం. తొందరలో ఉన్నవాళ్లకు ముందే చెప్పేస్తున్నాం: లోపల నూగు గానీ గుడ్డ గానీ లేని నైట్రైల్ (ఒక రకం కృత్రిమ రబ్బరు) గ్లౌజు, మందం 0.38 మి.మీ. లేదా అంతకన్నా ఎక్కువ, పొడవు 33 సెం.మీ.కు తగ్గకుండా. మన ప్రాంతంలో కొట్టే మందుల్లో ఎక్కువ వాటికి ఇది సరిపోతుంది. ఎక్కడ సరిపోదో, ఎందుకు సరిపోదో తెలుసుకోకపోతే మాత్రం ఇది కూడా మోసం చేస్తుంది.

త్రిభుజం రంగు చూసి గ్లౌజు కొనకండి

మన దేశంలో ప్రతి పురుగుమందు డబ్బా మీదా ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ రంగుల్లో ఏదో ఒక త్రిభుజం ఉంటుంది. 1971 నాటి క్రిమిసంహారక మందుల నిబంధనల ప్రకారం వేసే గుర్తు అది. నోటి ద్వారా పోతే కిలో శరీర బరువుకు 50 మిల్లీగ్రాముల లోపే ప్రాణాంతకమయ్యేది ఎరుపు, 51 నుంచి 500 దాకా పసుపు, 501 నుంచి 5000 దాకా నీలం, ఆపైన ఆకుపచ్చ. విషం ఎంత తీవ్రమో ఆ రంగు చెబుతుంది. అది రబ్బరులోంచి ఎంత త్వరగా దూరుతుందో చెప్పదు. ఒకే రంగు త్రిభుజం ఉన్న రెండు మందుల్లో ఒకటి పొడి, రెండోది సాల్వెంటులో, అంటే ద్రావకంలో, కరిగించిన ద్రవం కావచ్చు. మొదటిదాన్ని మామూలు రబ్బరు గ్లౌజు కూడా ఆపుతుంది. రెండోది అదే గ్లౌజును కాసేపట్లో ఉబ్బించి లోపలికి వచ్చేస్తుంది.

గ్లౌజును నిర్ణయించేది డబ్బా మీద పేరు పక్కన ఉండే రెండు అక్షరాలు. ఈసీ అని ఉంటే ఆ మందు నీళ్లలో కరగనిది. దాన్ని జైలీన్‌లోనో, సీ9 అనే ఆరోమాటిక్ సాల్వెంటులోనో, కొన్నిటిలో సైక్లోహెక్సనోన్ కూడా చేర్చో కరిగించి, నీళ్లలో పాలలా కలిసిపోవడానికి ఎమల్సిఫయర్ కలిపి ఉంటారు. క్లోర్‌పైరిఫాస్, సైపర్‌మెత్రిన్, ప్రొఫెనోఫాస్, లాంబ్డా సైహలోత్రిన్, వరిలో వాడే ప్రెటిలాక్లోర్, బ్యూటాక్లోర్ ఎక్కువగా ఈ రూపంలోనే వస్తాయి. మూత తీయగానే పెయింటు షాపులో వచ్చేలాంటి ఘాటు కొడితే అది ఆ సాల్వెంటు వాసనే. గ్లౌజుకు అసలు శత్రువు ఆ సాల్వెంటు. దానితో పాటే మందూ లోపలికి ప్రయాణం కడుతుంది.

ఎస్సీ అంటే నీళ్లలో తేలే సన్నటి రేణువులు. క్లోరాంట్రానిలిప్రోల్ 18.5 ఎస్సీ అలాంటిదే. డబ్ల్యూపీ, ఎస్పీ, ఎస్జీ, డబ్ల్యూజీ అన్నీ పొడులు, గుళికలు. వీటిని రంధ్రం లేని ఏ రబ్బరైనా ఆపుతుంది.

ఎస్ఎల్, అంటే నీళ్లలో కలిసిపోయే ద్రవం, దగ్గర మాత్రం ఒక మెలిక ఉంది. గ్లైఫోసేట్ 41 ఎస్ఎల్, పారాక్వాట్ 24 ఎస్ఎల్ నిజంగానే నీళ్లలో కరిగిన లవణాలు. ఇమిడాక్లోప్రిడ్ 17.8 ఎస్ఎల్ అలా కాదు. ఇమిడాక్లోప్రిడ్ లీటరు నీళ్లలో ఒక గ్రాము కూడా కరగదు. నూటికి 17.8 పాళ్లు ఎక్కించాలంటే డైమిథైల్ సల్ఫాక్సైడ్, ఎన్-మిథైల్ పైరోలిడోన్ లాంటి ద్రావకాలు కావాలి. ఈ రెండూ చర్మంలోకి ఇట్టే ఇంకుతాయి, తమలో కరిగిన వాటినీ వెంట తీసుకుపోతాయి. కాబట్టి ఎస్ఎల్ అనగానే నీళ్ల మందేలే అనుకోకూడదు.

సాల్వెంటు పేరు డబ్బా మీద లేకపోతే ఆ కంపెనీ సేఫ్టీ డేటా షీటు వెతకండి. మూడో విభాగంలో ఏమేం కలిపారో, ఎనిమిదో విభాగంలో ఏ గ్లౌజు వాడాలో ఉంటుంది. ఎనిమిదో విభాగంలో ఊరికే ‘తగిన గ్లౌజులు ధరించండి’ అని రాసి వదిలేశారంటే మీకేం ఉపయోగం లేదు. మూడో విభాగం చూసుకుని మీరే నిర్ణయించుకోవాలి.

కొట్లో దొరికేవి, ఒక్కొక్కటిగా

చుక్కల గ్లౌజులతో మొదలుపెడదాం. తెల్లటి నూలు అల్లిక, అరచేతి వైపు చిన్న చిన్న రబ్బరు చుక్కలు. ఇవి బస్తాలు మోయడానికి. మందు దగ్గర ఇవి లేకపోవడమే మేలు. వట్టి చేతి మీద మందు పడితే వెంటనే కడుక్కుంటారు. నూలు గ్లౌజు ఆ చుక్కను పీల్చుకుని పని అయ్యేదాకా చర్మానికి అదిమిపెట్టి ఉంచుతుంది. తోలు గ్లౌజుదీ ఇదే కథ, పైగా తోలులో దిగిన మందును ఏ సబ్బూ బయటికి తీయలేదు. అరచేతికి మాత్రమే నైట్రైల్ పూత ఉండి వెనకవైపు అల్లిక ఉన్న గ్లౌజుల మీద కూడా ‘నైట్రైల్’ అని రాసి ఉంటుంది, ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే. చెయ్యి వెనక్కి తిప్పి చూడండి. గుడ్డ కనిపిస్తే పక్కన పెట్టేయండి.

ఉచిత కిట్లలో వచ్చే కవరు గ్లౌజులు పల్చటి పాలిథిన్. వేళ్ల అతుకుల దగ్గరే చిరుగుతాయి. చేతికి సరిగ్గా కూర్చోవు కాబట్టి సీలు తీసేటప్పుడు పట్టు జారుతుంది. పట్టు జారితే మందు ఒలుకుతుంది. అత్యవసరంలో గుళికలు చల్లడానికి పనికొస్తాయేమో గానీ ద్రవానికి వద్దు.

ఆసుపత్రుల్లో వాడే పల్చటి గ్లౌజులు, అవి లేటెక్స్ (సహజ రబ్బరు) అయినా నీలం నైట్రైల్ అయినా, 0.10 నుంచి 0.15 మి.మీ. మందమే ఉంటాయి. నీలం నైట్రైల్‌ది ఒక మంచి గుణం: వేళ్లకు స్పర్శ తెలుస్తుంది. నాజిల్ విప్పి ఫిల్టరు కడగడానికి, వాషరు మార్చడానికి మందపాటి గ్లౌజుతో కుదరదు. ఇలాంటి పనికి ఒక జత వేసుకుని, పదిహేను నిమిషాల లోపు పని ముగించి, తీసి పారేయాలి. చిక్కటి ఈసీ మందు దీని మీద పడిందా, ఆ క్షణమే తీసేయాలి. వంద గ్లౌజుల పెట్టె కొని పంపు సంచిలో పది ఉంచుకుంటే మంచిదే. కానీ మందు కలపడానికి ఇవే వాడతామంటే ఒప్పుకోం. నాజిల్ మూసుకుపోతే నోటితో ఊదే అలవాటు ఉన్నవాళ్లు ఈ గ్లౌజులతో పాటు ఒక పాత టూత్‌బ్రష్షు కూడా సంచిలో పడేసుకోండి.

గిన్నెలు తోమే రబ్బరు గ్లౌజులు, హార్డ్‌వేర్ షాపులో దొరికే మందపాటి నారింజ రంగు, నలుపు గ్లౌజులు ఎక్కువగా సహజ రబ్బరు. పొడులకు, ఎస్సీలకు, గ్లైఫోసేట్ లాంటి నీళ్ల మందులకు ఇవి బాగానే పనిచేస్తాయి. ఈసీ తగిలితే కథ మారిపోతుంది. ముందు వేలి కొనల దగ్గర నునుపు పోతుంది, తర్వాత అక్కడక్కడా బుడిపెల్లా ఉబ్బుతుంది, చూపుడు వేలు బొటనవేలికి అంటుకుని జిగటగా లాగుతుంది. ఆ జిగట కనిపించే సరికే మందు లోపలికి వచ్చి చాలాసేపయింది. సైపర్‌మెత్రిన్, లాంబ్డా సైహలోత్రిన్ లాంటి పైరిత్రాయిడ్ మందైతే వేళ్లు చిమచిమలాడి, మిరపకారం రాసినట్టు మండి మీకే తెలుస్తుంది. క్లోర్‌పైరిఫాస్, ప్రొఫెనోఫాస్ లాంటి ఆర్గానోఫాస్ఫేటు అయితే అలాంటి హెచ్చరిక ఏమీ ఉండదు, అందుకే అది మరీ ప్రమాదం.

పీవీసీ గ్లౌజులు బరువుగా, పొడుగ్గా, చూడ్డానికి భద్రంగా కనిపిస్తాయి. ఆమ్లాలకు, నీళ్ల మందులకు మంచివే. పీవీసీని మెత్తగా ఉంచేది అందులో కలిపే ప్లాస్టిసైజరు. జైలీన్ లాంటి సాల్వెంటు దాన్ని కడిగేస్తుంది. నాలుగు రోజులు వాడాక గ్లౌజు అట్టముక్కలా బిరుసెక్కి, వేలి మడతల దగ్గర సన్నగా చిట్లుతుంది. పైగా ఎక్కువ పీవీసీ గ్లౌజుల లోపల గుడ్డ అతికి ఉంటుంది. ఆ గుడ్డ సంగతి కింద చెబుతాం.

ఇక నైట్రైల్. పెట్రోలు, కిరోసిన్, డీజిల్, స్ప్రేయరులో పోసే టూ స్ట్రోక్ నూనె, వీటన్నిటికీ బాగా తట్టుకుంటుంది. జైలీన్, సీ9 సాల్వెంట్లకు కొంతవరకే, అదీ మందం ఉంటేనే. అమెరికా పర్యావరణ సంస్థ లేబుళ్లలో రసాయన నిరోధక గ్లౌజుకు 14 మిల్స్, అంటే దాదాపు 0.35 మి.మీ. మందం కనీసంగా పెట్టింది. మేం 0.38 అంటున్నది అందుకే. ఆన్‌సెల్ కంపెనీ సాల్వెక్స్ శ్రేణిలో 37-175 అనేది 0.38 మి.మీ., లోపల నూగు ఉంటుంది. 37-185 అనేది 0.56 మి.మీ., దాదాపు 45 సెం.మీ. పొడవు, లోపల నూగు ఉండదు. మందు పనికి మా ఓటు రెండోదానికే, కాకపోతే ఖరీదు, వేళ్ల దగ్గర మొద్దుగా ఉంటుంది. దేశీ తయారీ 33 సెం.మీ. నైట్రైల్ జత ఊరిని బట్టి వంద నుంచి రెండొందల యాభై రూపాయల మధ్య దొరుకుతుంది. ప్యాకెట్టు మీద మందం రాసి ఉన్నదే కొనండి. మందం రాయని గ్లౌజును ఎంత చవకైనా కొనొద్దు.

నైట్రైల్ ఓడిపోయే చోటు కీటోన్లనే సాల్వెంట్ల దగ్గర. అసిటోన్, ఎంఈకే, సైక్లోహెక్సనోన్, ఇంకా ఎన్-మిథైల్ పైరోలిడోన్ దాన్ని ఉబ్బించి మెత్తబరుస్తాయి. పెయింటు థిన్నరుతో పంపు భాగాలు కడిగేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి: థిన్నరులో కీటోన్లు, ఎస్టర్లు కలిసి ఉంటాయి. డైక్లోరోమీథేన్ ఉన్న పెయింటు రిమూవరైతే నైట్రైల్‌లోంచి కొద్ది నిమిషాల్లోనే దూరిపోతుంది.

కీటోన్లకు బ్యూటైల్ రబ్బరు గ్లౌజు బ్రహ్మాండం. అదే గ్లౌజు పెట్రోలుకు, జైలీన్‌కు దండగ. ఖరీదైనది కదా అన్నిటికీ ఆగుతుందని బ్యూటైల్ కొని ఈసీ మందులకు వాడితే డబ్బూ పోతుంది, రక్షణా ఉండదు. నియోప్రీన్ మధ్యస్థం. ఆమ్లాలకు బాగుంటుంది, ఈసీలకు నైట్రైల్‌ను మించి ఇచ్చేది లేదు.

జైలీన్ లాంటివి, కీటోన్లు, ఈ రెండు రకాల సాల్వెంట్లూ కలిసి ఉన్న మందుకు ఉన్న దారి లామినేట్ గ్లౌజు. సిల్వర్ షీల్డ్ పేరుతో వచ్చేది ఇలాంటిదే: పాలిథిలీన్, ఈవీఓహెచ్ అనే ప్లాస్టిక్ పొరలు కలిపి చేసిన 0.07 మి.మీ. రేకు. దాదాపు అన్ని సాల్వెంట్లనూ ఆపుతుంది. వేసుకుంటే మాత్రం చిప్స్ ప్యాకెట్టులో చెయ్యి పెట్టినట్టే ఉంటుంది: సాగదు, జారుతుంది, ముల్లు తగిలితే చిరుగుతుంది. దీన్ని లోపల వేసి, పైన ఒక సైజు పెద్ద నైట్రైల్ తొడగాలి. లోపలిది మందును ఆపుతుంది, పైది పట్టు ఇస్తుంది. రోజూ మందు కలిపే విత్తనశుద్ధి కేంద్రాలకు, గోదాముల్లో డబ్బాలు దించే వాళ్లకు ఈ ఖర్చు తగినదే. సాదా రైతుకు ఇది దొరకడమే కష్టం.

కొట్లో అడగాల్సిన తీరు

‘అన్నా, గ్లౌజులివ్వు’ అంటే ఉన్నదేదో ఇస్తాడు. ‘అన్నా, నైట్రైల్, లోపల గుడ్డ లేనిది, తొమ్మిది నంబరు’ అని అడగండి. ఆకుపచ్చ రంగు నైట్రైల్‌కు గుర్తని చాలామంది నమ్ముతారు. ఆకుపచ్చ లేటెక్స్, ఆకుపచ్చ పీవీసీ కూడా అమ్ముతారు. ప్యాకెట్టు మీద నైట్రైల్ అని గానీ, దాని పొట్టి పేరు ఎన్‌బీఆర్ అని గానీ ఉందో లేదో చూడండి. అప్పటికీ అనుమానం తీరకపోతే ఇంటికి వచ్చాక మణికట్టు అంచు నుంచి గోరంత ముక్క కత్తిరించి, పక్కన గిన్నెలు తోమే గ్లౌజు ముక్క ఒకటి పెట్టి, రెండిటినీ సీసా మూతలో పోసిన పెట్రోలులో పదిహేను నిమిషాలు నానబెట్టండి. పొయ్యికి, బీడీకి దూరంగా. లేటెక్స్ ముక్క ఉబ్బి, అంచులు మెలితిరిగి, మొదటికన్నా స్పష్టంగా పెద్దదవుతుంది. నైట్రైల్ ముక్క దాదాపు అలాగే ఉంటుంది. మీరు కొన్నది ఏ ముక్కలా మారిందో కళ్ల ముందే తేలిపోతుంది.

మంచి గ్లౌజుల మీద శంకు ఆకారపు ఫ్లాస్కు బొమ్మ, దాని కింద కొన్ని ఇంగ్లిషు అక్షరాలు అచ్చేసి ఉంటాయి. ఐఎస్ఓ 374-1 ప్రమాణం అది. టైప్ ఏ అంటే కనీసం ఆరు రసాయనాలను అరగంటకు పైగా ఆపింది, టైప్ బీ అంటే మూడింటిని అరగంట, టైప్ సీ అంటే ఒక్కదాన్ని పది నిమిషాలు. అక్షరాల్లో మనకు కావాల్సినవి మూడే. జె అంటే ఎన్-హెప్టేన్, కిరోసిన్ వర్గానికి దగ్గర. ఎఫ్ అంటే టోలీన్, జైలీన్‌కు దగ్గరి చుట్టం. బి అంటే అసిటోన్, కీటోన్లకు ప్రతినిధి. నైట్రైల్ గ్లౌజుల మీద జె, కె, ఎల్, ఓ, పి, టి తరచూ కనిపిస్తాయి. ఎఫ్ కనిపించడం అరుదు. ఎఫ్ లేదంటే ఆ గ్లౌజు పనికిరాదని కాదు. ఈసీ మందు పడితే ‘తర్వాత కడుగుదాంలే’ అనుకునేంత గడువు లేదని అర్థం. పైగా ఆ పరీక్ష 23 డిగ్రీల దగ్గర చేస్తారు. గ్లౌజు లోపల చెయ్యి 35 డిగ్రీల దాకా వేడెక్కుతుంది. వేడి పెరిగితే రసాయనం ఇంకా వేగంగా పాకుతుంది, కాబట్టి పరీక్షలో వచ్చిన సమయం చేలో రాదు.

పురుగుమందుల కోసమే 2019లో వచ్చిన ఐఎస్ఓ 18889 అనే ప్రమాణం ఇంకో మూడు గుర్తులు ఇచ్చింది. జీ1 అంటే నీళ్లు కలిపిన మందుకే. జీ2 అంటే చిక్కటి మందుకూ పనికొస్తుంది. జీఆర్ అంటే మందు కొట్టిన చేలో తర్వాత పనిచేసేవాళ్లకు, అరచేతి వైపు మాత్రమే రక్షణ ఉన్నది. మిరపకాయ కోసేవాళ్లకు జీఆర్ సరిపోతుంది. అదే గ్లౌజుతో డబ్బా మూత తీయకూడదు. ఈ గుర్తు ఉన్నవి మన ఊళ్లలో ఎక్కువ కనిపించవు గానీ, కనిపిస్తే జీ2 తీసుకోండి.

గుడ్డ, నూగు, సైజు

లోపల నూగు ఉంటే చెమట పీలుస్తుంది, వేసుకోవడం తేలిక. అంగట్లో ఇవే ఎక్కువ అమ్ముడుపోతాయి. మందు పనికి మేం వద్దనేది వీటినే. మణికట్టు అంచు నుంచి ఒక్క చుక్క లోపలికి జారితే ఆ నూగు దాన్ని స్పాంజిలా పట్టేస్తుంది, కడిగితే పోదు, మర్నాడు మళ్లీ అదే గ్లౌజులో చెయ్యి పెడతారు. చెమట భరించలేకపోతే విడిగా పల్చటి నూలు గ్లౌజు లోపల వేసుకోండి, దాని అంచు బయటికి కనిపించకుండా. అమెరికా నిబంధనల్లో ఈ లోపలి గ్లౌజును మొత్తం పది గంటలు వాడాక, లేదా మొదట తొడిగిన 24 గంటల్లోగా పారేయాలి, ఏది ముందైతే అది. చెమటకు తడిస్తే మార్చేయడం, మందు తగిలితే ఉతక్కుండా పారేయడం అలవాటు చేసుకుంటే చాలు.

సైజు దగ్గర కొట్లు చేసే అన్యాయం ఎక్కువగా ఆడవాళ్లకు తగులుతుంది. వేళ్ల మొదళ్ల దగ్గర, బొటనవేలు వదిలేసి అరచేతి చుట్టూ టేపు చుట్టి కొలవండి. 7 అంగుళాలైతే 7 నంబరు, 8 అయితే 8. కొట్లో తొమ్మిది, పది నంబర్లే పెడతారు. ఏడు నంబరు చేతికి పది నంబరు తొడిగితే వేలి కొనల దగ్గర అరంగుళం ఖాళీ సంచిలా వేలాడుతుంది. ఆ ఖాళీ సీలు కింద ఇరుక్కుంటుంది, కొలత మూత జారుతుంది. బిగుతైతే వేళ్ల మధ్య రబ్బరు సాగి పల్చబడి అక్కడే పగులుతుంది.

ఇసుకలో కలిపి చల్లే కలుపు మందు

దీని గురించి విడిగా చెప్పాలి. వరి నాటిన కొద్ది రోజులకే ప్రెటిలాక్లోర్ 50 ఈసీని గానీ, బ్యూటాక్లోర్ 50 ఈసీని గానీ ఇరవై, పాతిక కిలోల పొడి ఇసుకలో పోసి, వట్టి చేత్తో కలిపి, చేటలోంచి గుప్పిట పట్టి మడి అంతా చల్లుతారు. ఇది పిచికారీ కాదు కదా అని గ్లౌజు మాటే ఎత్తరు. నిజానికి చేతికి ఇంతకన్నా చెడ్డ పని లేదు. మందు దాదాపు చిక్కగానే ఉంటుంది, ఇసుక ప్రతి గుప్పిటకూ చర్మాన్ని గీకుతుంది, గంటల తరబడి తగులుతూనే ఉంటుంది. ఆకుమడి, నాట్ల పనితో అప్పటికే పగిలిన చేతులకు ఇది మరీ నష్టం.

ఈ పనికి పల్చటి గ్లౌజు పది నిమిషాలు నిలవదు, ఇసుక కోసేస్తుంది. 0.56 మి.మీ. నైట్రైల్ దొరికితే అదే, లేకపోతే 0.38. కలపడం చేత్తో కాకుండా పారతోనో, కర్రతోనో చేయండి. చల్లే చేతికే కాదు, చేట పట్టుకునే చేతికీ గ్లౌజు ఉండాలి. అంచులోంచి ఇసుక లోపలికి పడకుండా చొక్కా చెయ్యిని గ్లౌజు మీదికి లాగి రబ్బరు బ్యాండు వేయండి. ఇసుక లోపల పడితే ఆగి, కడిగి, ఆరబెట్టుకుని మళ్లీ వేసుకోవాలి. ఈ గ్లౌజును ఆ సీజన్‌లో ఇంకో పనికి వాడొద్దు. అరచేతి మీద నైట్రైల్ నునుపు పోయి గరుకుగా తెల్లబడి ఉంటుంది, అక్కడ మందం తగ్గిపోయిందన్నమాట.

వేసుకోవడం, తీయడం

వేసుకునే ముందు ప్రతిసారీ అంచును రెండు చుట్లు చుట్టి గాలి బంధించి, వేళ్లు బెలూన్లలా ఉబ్బాక నీళ్ల బకెట్టులో ముంచి నొక్కండి. బుడగ వచ్చిన గ్లౌజు ఇక మందు దగ్గరికి రాకూడదు. సూది మొన అంత రంధ్రం అయినా సరే: లోపలికి వచ్చిన మందు చెమటతో కలిసి, రబ్బరు కింద ఊపిరాడని చర్మం మీద పట్టు వేసినట్టు కూర్చుంటుంది.

మిరప, వేరుశనగ, వరి లాంటి పొట్టి పైర్లలో చేతులు కిందికి ఉంటాయి కాబట్టి చొక్కా చెయ్యి గ్లౌజు మీదికి రావాలి. మామిడి, బత్తాయి చెట్లకు తైవాన్ పంపు గన్ను పైకెత్తి కొట్టేటప్పుడు దానికి తిరగేయాలి: గ్లౌజు చొక్కా చెయ్యి మీదికి, అంచు రెండంగుళాలు బయటికి మడవాలి. కారే మందు ఆ మడతలో ఆగుతుంది, మోచేతికి పోదు. ఏపుగా పెరిగిన పత్తిలో ఏ గ్లౌజూ మనిషిని కాపాడలేదు. 2017లో ఆదిలాబాద్‌కు ఆనుకుని ఉన్న యవత్మాల్ జిల్లాలో పత్తికి మందు కొడుతూ ఇరవై మందికి పైగా చనిపోయారు. తల ఎత్తు పైరులోకి నాజిల్ ముందుకు పెట్టుకుని నడిస్తే తుంపర ఒళ్లంతా పడుతుంది, అప్పుడు కావాల్సింది గాలివాటు చూసుకోవడం, నిండు బట్టలు, మాస్కు, కళ్లద్దాలు.

గ్లౌజు వేసుకున్న చెయ్యి ముఖం మీదికి, ఫోను మీదికి, నడుము కిందికి పోకూడదు. పారాథియాన్‌తో మనుషుల మీద చేసిన పరీక్షలో ముంజేతి చర్మంతో పోలిస్తే నుదురు నాలుగు రెట్లు, వృషణాల చర్మం దాదాపు పన్నెండు రెట్లు ఎక్కువ మందును పీల్చుకున్నాయి. మూత్రానికి వెళ్లే ముందు గ్లౌజు కడిగి, తీసి, చేతులు సబ్బుతో కడుక్కోవాలి. తర్వాత చేయడం కాదు, ముందు చేయాలి.

తీసేటప్పుడు క్రమం ఇది: చేతులకు ఉండగానే గ్లౌజులను బట్టల సబ్బుతో, నీళ్లతో మోచేతి వైపు నుంచి వేళ్ల వైపుకు రుద్ది కడగండి. తర్వాత రెండు చేతుల వేలి కొనలనూ కొద్దికొద్దిగా లాగి వదులు చేసి, ఒక్కొక్కటిగా జారవిడవండి. వట్టి వేళ్లు బయటి వైపుకు తగలకూడదు. ఆ తర్వాత చేతులు సబ్బుతో కడగండి. కిరోసిన్‌తో, పెట్రోలుతో చేతులు కడిగే అలవాటు మానేయండి. చర్మం మీద ఉన్న మందును అవి ఇంకా లోపలికి నెడతాయి.

ఎప్పుడు పారేయాలి

సబ్బు బయటి మందును తీస్తుంది. రబ్బరులోకి దిగిపోయిన సాల్వెంటును తీయదు. సాయంత్రం కడిగి ఆరేసిన గ్లౌజులో ఆ సాల్వెంటు రాత్రంతా లోపలి వైపుకు పాకుతూనే ఉంటుంది. పొద్దున గ్లౌజు లోపల ముక్కు పెట్టి చూడకండి, చేత్తో దులిపితేనే మందు వాసన వచ్చిందంటే దాని పని అయిపోయింది. ఉబ్బినా, జిగటైనా, బిరుసెక్కినా, రంగు మచ్చలు పడినా అదే తీర్పు. ఇవేవీ కనిపించకపోయినా, ఈసీ మందులు కలిపిన నైట్రైల్ జతను ఐదారు పిచికారీ రోజుల తర్వాత మార్చేయాలన్నది మా లెక్క. అంచు మీద మొదట వాడిన తేదీని మార్కరు పెన్నుతో రాయండి, లేకపోతే ఎవరికీ గుర్తుండదు. నీళ్ల మందులకే వాడిన జత జాగ్రత్తగా ఉంచితే సీజన్ అంతా వస్తుంది. ఎండలో ఆరేయొద్దు, నైట్రైల్‌ను ఎండ చిట్లగొడుతుంది. వేళ్లు పైకి వచ్చేలా కర్రలకు తొడిగి నీడలో ఆరబెట్టి, వంటింటికి, దాణాకు దూరంగా ఉంచండి.

పారేసేటప్పుడు కాల్చొద్దు. ఐదు వేళ్లూ కత్తెరతో కోసేసి, మూడుసార్లు కడిగి అడుగున రంధ్రం పెట్టిన ఖాళీ మందు డబ్బాలతో పాటు అదే సంచిలో వేయండి. వేళ్లు ఉన్న గ్లౌజు చెత్తలో కనిపిస్తే ఎవరో ఒకరు తీసుకెళ్లి, గోడకు సున్నం వేయడానికో, గిన్నెలు తోమడానికో తొడుక్కుంటారు.